డెబ్బై అంటే వంద

మా నాయన షుగర్ సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చెప్పాలని లేదు. కానీ అది చెప్పకపోతే నేను చేసింది మామూలు మొండితనంలా కనిపిస్తుంది. అది మామూలు మొండితనం కాదు, పెద్ద చదువులు చదివి సంపాదించుకున్న మొండితనం.

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో నా పని. మా ఆవిడ హిందూపురం హైస్కూల్లో టీచరు, అందుకని ఇల్లు హిందూపురంలోనే పెట్టి నేను పొద్దున రైలెక్కి పోయి వస్తుంటాను. మా వీధిలో కొందరు నేను అణుబాంబులు చేస్తానని గట్టిగా నమ్ముతారు, కాస్త దూరంగానే పలకరిస్తారు. నేను చేసేది కుర్చీలో కూర్చుని ఇంకొకరి కొలతలు దిద్దడం.

అణు రియాక్టరులో జరిగేదంతా న్యూట్రాన్ల రాకపోకలే. ఒక న్యూట్రాన్ వెళ్ళి యురేనియం కేంద్రకాన్ని తాకితే అది పగలవచ్చు, వచ్చిన న్యూట్రాన్‌ను మింగేసి ఊరుకోవచ్చు, పక్కకు నెట్టేయనూవచ్చు. ఏ వేగంతో వస్తే ఏది ఎంత తరచుగా జరుగుతుందో ఎవరెవరో ఎక్కడెక్కడో కొలిచి పెట్టారు. దాన్నే మేం డేటా అంటాం. ప్రతి కొలత పక్కనా అది ఎంతమేరకు తప్పు కావచ్చో కూడా ఉంటుంది. ఇదంతా కంప్యూటర్లో పోస్తే రియాక్టరు ఎలా నడుస్తుందో లెక్క వస్తుంది. తర్వాత నిజంగా ఒక చిన్న రియాక్టరులో పరీక్ష చేసి చూస్తే ఆ లెక్కా ఈ పరీక్షా కలవవు. అప్పుడు మాలాంటి వాళ్ళం వెనక్కి వెళ్ళి డేటాను కాస్త కాస్త జరుపుతాం. జరపడానికి ఒక పద్ధతుంది. గట్టిగా కొలిచిన దాన్ని కదిలించం. ఎవరి కొలత మీద నమ్మకం తక్కువో దాన్నే ఎక్కువ జరుపుతాం. తేడా భారమంతా అనుమానం ఉన్నవాడి నెత్తిన పడుతుంది.

ఇది మోసం కాదు, శాస్త్రమే. సరిగ్గా చేస్తే రియాక్టరు లెక్కలు నిజంగానే బాగుపడతాయి. సరిగ్గా చేయాలంటే మాత్రం రెండు జాగ్రత్తలు పడాలి. ఫలానా కొలత మీద నమ్మకం ఇంతే అన్నప్పుడు దానికి ఆధారం చూపించగలగాలి, మన మనసుకు తోచింది వేయకూడదు. డేటాను ముట్టుకునే ముందు పరీక్షలోనే తప్పుందేమో చూసుకోవాలి. కొత్తగా చేరిన వాళ్ళకు ఈ రెండూ నేనే బోర్డు మీద రాసి, గొంతు పెంచి మరీ చెబుతుంటాను.

ఇక ఇంటి సంగతి. నాయన పెనుకొండలో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. తమ్ముడికి ఎరువుల అంగడి. పొద్దున పోతే మళ్ళీ మాపటికే ఇంటికి రావడం. కాబట్టి నాయనను చూసుకునేదంతా మా మరదలు, అంటే తమ్ముడి భార్య. ఆమెది ధర్మవరం. వాళ్ళింట్లో అందరూ పట్టుచీరలు నేసేవాళ్ళే. మాది భూములున్న ఇల్లు. తమ్ముడు ఆ పిల్లనే చేసుకుంటానన్నప్పుడు నాయన మూడు రోజులు మాట్లాడకుండా ఉండి నాలుగో రోజు సరేనన్నాడు. నేను సరే అనలేదు. చదువుకున్నవాణ్ణి కదా, కులం అనే మాట నోటితో అనలేదు. "వాళ్ళ పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు" అన్నాను. పెళ్ళిలో మాత్రం ముందు వరసలోనే కూర్చుని ఫోటోలు దిగాను.

నాయనకు షుగర్ బయటపడినప్పుడు చిన్న మిషను కొని పెనుకొండకు పంపించింది నేనే. రోజూ పొద్దునా మాపటేలా మరదలు నాయన వేలు గుచ్చి, మిషను చూపించిన నంబరు నా ఫోనుకు పంపేది. ఏ రోజూ తప్పించలేదు. నేను వాటిని కంప్యూటర్లో ఎక్కించి గీతలు గీసుకునేవాణ్ణి. నూట ముప్పై, నూట నలభై, మళ్ళీ నూట ముప్పై. గీత చక్కగా సాగేది. ఇంత దూరం నుంచి నాయన ఆరోగ్యాన్ని నేనే నడిపిస్తున్నానని నాకు లోలోపల కాస్త గర్వం కూడా.

కొన్ని నెలలకు డాక్టరు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించమన్నాడు. రక్తం ఒక్కసారి తీస్తే చాలు, గడిచిన మూడు నెలల్లో ఒంట్లో చక్కెర సగటున ఎంత ఉందో అదే చెబుతుంది. హిందూపురంలో చేయించాం. ఎనిమిది అని వచ్చింది. ఎనిమిది అంటే రోజువారీ సగటు నూట ఎనభై పైన ఉండాలి. మరదలు పంపిన వాటిలో అంత పెద్ద నంబరు ఒక్కటీ లేదు.

ఆ కాగితం చూడగానే నాకు కలిగింది భయం కాదు, ఒక రకమైన ఉత్సాహం. ఇది నాకు అలవాటైన లెక్క. రోజువారీ నంబర్లు డేటా, మూడు నెలల సగటు పరీక్ష. రెండూ కలవడం లేదు. ఏది జరపాలి? ల్యాబులో యంత్రం తీసిన ఫలితం గట్టిది. మరి మెత్తనిది ఏది? క్షణం కూడా ఆలోచించలేదు. మరుసటి రోజు రైల్లో కూర్చుని, ఆమె నంబర్లన్నిటినీ ఎంత పెంచితే ల్యాబు నంబరుతో కలుస్తాయో చూశాను. దాదాపు ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ. ప్రతి నంబరునూ అలా పెంచేసరికి గీత సరిగ్గా ల్యాబు ఫలితం మీద వచ్చి కూర్చుంది. పెద్ద పని సాధించినట్టు కాఫీ తెప్పించుకుని తాగాను.

ఆ ఆదివారం పెనుకొండకు పోయాను. అన్నాల వేళ. నాయన, తమ్ముడు, నేను కూర్చున్నాం, మరదలు వడ్డిస్తోంది. ల్యాబు కాగితం ఆకు పక్కన పెట్టి మొదలుపెట్టాను.

"ఏమ్మా, నువ్వు పంపే నంబర్లకూ దీనికీ పొంతనే లేదు. ఎట్ల?"

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగింది. "నాకేం తెలుసు బావా. మిషను ఏం చూపిస్తే అదే పంపిస్తాండా."

"అయితే ల్యాబు వాళ్ళు అబద్ధం చెప్తాండారా?"

"వాళ్ళ సంగతి నాకు తెల్దు. మామ ఏం తింటాండాడో నాకు తెలుసు. సంగటి, పప్పు, మజ్జిగ. అంతే."

"నంబర్లు తక్కువ చూపిస్తే బాగా చూసుకుంటాందని పేరొస్తాదనుకుంటే కాదమ్మా. ఇది మనిషి ప్రాణం."

ఆ మాట అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుతో చచ్చిపోతున్నాను. తమ్ముడు "అన్నా, ఊరుకో అన్నా" అని తల దించుకున్నాడు. వాడికి నేనంటే చిన్నప్పటి నుంచీ గురి, నేను లెక్క తప్పుతానని వాడెప్పుడూ అనుకోలేదు. నాయన మజ్జిగ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన నోరు విప్పకపోవడం నాకు ఒప్పుకోలులా కనిపించింది. మరదలు నాకు ఇంకో ముద్ద సంగటి వేసి, మీద పప్పు పోసి లోపలికి పోయింది.

నా గీతలు పట్టుకుని హిందూపురం డాక్టరు దగ్గరకు పోయాను. ఆయన కాసేపు చూసి, మాత్ర పెంచే ముందు ఇంకొకసారి చూద్దామా అన్నాడు. నేను వదల్లేదు. ఇంటి నంబర్లను ఎలా సవరించానో, సవరించాక ఎంత బాగా కలిశాయో వివరించాను. "సైంటిస్టులు మీరు, మీకు నేను చెప్పేదేముంది సార్" అని మాత్ర పెంచి రాశాడు. ఆ మాటకు మురిసిపోయాను కూడా.

ఆ రోజు ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటే మాట అంది. "అంత అనుమానముంటే ఒక వారం పెనుకొండలో ఉండి మీరే గుచ్చి చూడొచ్చు కదా?" నేను నవ్వాను. రైల్లో గంట కూడా పట్టదు పెనుకొండ. అయినా పోవాలని తోచలేదు. మా వృత్తిలో కొలిచేవాళ్ళు వేరు, దిద్దేవాళ్ళు వేరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క న్యూట్రాన్‌ను కొలిచిన పాపాన పోలేదు.

పెంచిన మాత్ర మొదలయ్యాక మరదలు పంపే నంబర్లు దిగడం మొదలుపెట్టాయి. నూట పది. తొంభై. ఎనభై. ఆదివారం అన్ని మాటలు పడి కూడా ఆమె ఒక్క పూట మానలేదు. నేను ప్రతిదాన్నీ నా లెక్క ప్రకారం పెంచి చూసుకుని, ఇప్పుడు దారిలో పడింది అనుకుంటున్నాను. ఒకరోజు పొద్దున రైల్లో ఉండగా ఆమె ఫోను చేసింది. ఆమెగా నాకు ఫోను చేయడం చాలా తక్కువ.

"బావా, పొద్దున డెబ్బై చూపించింది. మామకి చెమటలు పడతాండాయి. చేతులు వణుకుతాండాయి."

"డెబ్బై అంటే వంద అనుకోమ్మా. వంద ఉంటే ఎవరికీ ఏం గాదు."

"చెమటలు శానా పడతాండాయి బావా."

"ఎండలు అట్లుండాయి. ఫ్యాను ఎయ్యి."

"ఈ పూటకి మాత్ర ఆపేదా?"

"ఆపొద్దు. నేను చెప్తాండా గదా."

"సరే బావా" అంది.

మధ్యాహ్నం నాయన బాత్రూము గడప దగ్గర పడిపోయాడు. మాట ముద్దగా వస్తోందట, మనుషుల్ని గుర్తుపట్టడం లేదట. మరదలు పరుగున పోయి వేలు గుచ్చితే నలభై చూపించింది. అంగడి నుంచి వచ్చిన తమ్ముడు నాకు ఫోను చేయబోతే ఆమె వద్దందట. "ఇప్పుడు బావకి చేస్తే నలభై అంటే అరవై అంటాడు. ముందు చక్కెర నీళ్ళు తాపుదాం" అందట. ఒక్కొక్క గుక్కా తాగించి, ఆటో ఎక్కించి, తల ఒళ్ళో పెట్టుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆ నలభై, అరవై మాట తమ్ముడు తర్వాతెప్పుడో నవ్వుతూ చెప్పాడు. వాడు నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాల్సి వచ్చింది.

నేను బెంగళూరు నుంచి వచ్చేసరికి నాయన మంచం మీద కళ్ళు తెరిచి ఉన్నాడు. చేతికి సెలైను. అక్కడున్న డాక్టరమ్మ ఆయన కింది రెప్ప లాగి చూపించింది. లోపల తెల్లగా ఉంది.

"రక్తం ఇంత తక్కువుంటే ఎవరూ చూసుకోలేదా? ఐరన్ బాగా తగ్గిపోయినవాళ్ళకి మూడు నెలల టెస్టు ఎక్కువ చూపిస్తుంది సార్. కొత్త రక్తం పుట్టడం తగ్గిపోతే పాత కణాలే ఎక్కువ రోజులు తిరుగుతుంటాయి, వాటికి చక్కెర ఎక్కువ పట్టి ఉంటుంది. ఆ నంబరు చూసి మాత్ర పెంచకూడదు. ఇంట్లో మిషనులో ఎవరూ చూడటం లేదా?"

"చూస్తాండా మేడం" అంది మరదలు. క్యారియర్ బుట్ట పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఫోను తీసి నాకు పంపిన నంబర్లన్నీ చూపించింది. డాక్టరమ్మ కిందికి జరుపుతూ చూసి, "ఇవే కరెక్టు. ఇంత బాగా చూస్తున్నారు కదా, మరి మాత్ర ఎందుకు పెంచారు?" అంది.

మరదలు నా వైపు చూడలేదు. నేలను చూస్తూ నిలబడింది. నేనూ నేలనే చూశాను. జవాబు చెప్పాల్సినవాణ్ణి నేను. డాక్టరమ్మ ఇంకో మంచం దగ్గరకు వెళ్ళిపోయింది.

రక్తం ఎందుకు తగ్గిందో మరుసటి రోజు తేలింది. నాయనకు మొలలు. నెలల తరబడి రక్తం పోతూనే ఉందట. ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"యాడ చెప్పేది రా? ఆ పిల్ల కూతురు లెక్క. ఆ పిల్లతో చెప్పుకునే రోగమా ఇది?"

"నాకన్నా చెప్పొచ్చు కదా."

"నువ్వు యాడ కనపడితివి నాకు? వచ్చినా కాగితాలతోనే వస్తివి."

ఆదివారం భోజనం దగ్గర ఆయన కిటికీ వైపు ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది. ఆయన సిగ్గు ఆయనది. దాన్ని నేను ఆమె తప్పుకు సాక్ష్యంగా రాసుకున్నాను.

తర్వాత రోజుల్లో ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్క దగ్గరే ఆగిపోతున్నాను. పరీక్షలో తప్పుందేమో చూడకపోవడం ఒక తప్పు. దాన్ని అజ్ఞానం అనుకోవచ్చు, నేను డాక్టరును కాదు. రెండోదానికి ఏ సాకూ దొరకడం లేదు. ఆమె నంబర్ల మీద నమ్మకం తక్కువని నాకు ఎవరు చెప్పారు? ఆమె ఎప్పుడు అబద్ధమాడింది? ఎప్పుడు ఒక్క పూట తప్పించింది? ఆధారం కోసం వెతుక్కుంటూ వెనక్కి పోతే చివరకు చేతికి తగిలింది ఒకటే, ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టడం. పెళ్ళి నాడు నోటితో అనకుండా మింగిన మాటను ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, ఆ రోజు రైల్లో లెక్కలో కలిపాను. అదే కొలత నా సొంత చెల్లెలు పంపి ఉంటే ల్యాబును అనుమానించేవాణ్ణి. నా మీద నాకే రోత పుట్టింది.

నాయన కోలుకున్నాక ధర్మవరం నుంచి పిలుపు వచ్చింది. మరదలి తమ్ముడి కొడుక్కి పేరు పెడుతున్నారు. మా తమ్ముడు నాయన దగ్గర ఉండిపోతే మా ఆవిడా, నేనూ, మరదలూ వెళ్ళాం. పెళ్ళయ్యాక నేను ఆ గడప తొక్కడం అదే మొదలు. ముందు గదిలో మగ్గం మీద సగం నేసిన చీర మీద గుడ్డ కప్పి ఉంది. మరదలి నాయన నన్ను చూసి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రాండప్పా రాండి. మా పాప అంతా చెప్పింది. డాక్టర్లకే అంతు చిక్కనిది మీరు లెక్క గట్టి కనుక్కున్నారంట గదా. మీరుండబట్టి మీ నాయన గట్టెక్కినాడంట. మాకు ఎంత ధైర్యంగా ఉండాదో."

నాకు తల తీసేసినట్టయింది. మరదలి వైపు చూశాను. ఆమె వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తోంది. "కాదండీ" అన్నాను. ఆయన వినిపించుకోకుండా నన్ను తీసుకుపోయి ఒక్కొక్క చుట్టానికీ చూపించాడు. మా పాప బావగారు, సైంటిస్టు, పెద్దాయన ప్రాణం నిలబెట్టిన ఆయప్ప. అందరూ నమస్కారం పెట్టారు. నేను తిరిగి పెట్టాను. ఇంకోసారి "కాదండీ" అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఓళిగలు వడ్డిస్తే తిన్నాను, నెయ్యి పోస్తే పోయించుకున్నాను.

సాయంత్రం ధర్మవరం స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. మా ఆవిడ నీళ్ళ సీసా కొనడానికి పోయింది. బెంచీ మీద మరదలూ నేనూ మిగిలాం.

"మీ నాయనకు అట్ల చెప్పినావెందుకమ్మా?"

"ఇంగేం చెప్పమంటారు బావా? మా నాయన ముందర మా ఇంటి పరువు నేనే తీసుకుంటానా?"

మా ఇల్లు అని ఆమె అన్నది పెనుకొండ ఇంటిని. నేను ఆ ఇంటి మనిషిగా లెక్కలో వేయని మనిషే ఆ మాట అంది. "నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని "మీరు పెద్దోళ్ళు బావా, అట్లనొద్దు" అంది. పర్వాలేదు అని మాత్రం అనలేదు.

ఇంకొకటి అడగాలి. ఆసుపత్రి నుంచి నాయన ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమె నంబరు పంపడం మానేసి ఫోటో పంపుతోంది. మిషను, పక్కనే నాయన వేలు. చెనక్కాయలు ఒలిచే మిషనులో ఎప్పుడో నలిగి గోరు వంకరపోయిన వేలు అది. ఇంకెవరిదీ అనుకోవడానికి వీల్లేదు. వేలి కొసన రక్తపు చుక్క కూడా కనిపిస్తుంది. రోజూ రెండు పూటలా వస్తుంది.

"ఆ ఫోటోలు వద్దమ్మా. నంబరు పంపితే చాలు. నువ్వు చెప్తే నాకు చాలు."

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపం ఏమీ లేదు. చంటిపిల్లాడికి నచ్చజెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఉండనీ బావా. నంబరైతే మీరు దాని మీద లెక్క ఏస్తారు. ఫోటో అయితే ఉండేది ఉండినట్లు చూస్తారు."

అంతలో మా ఆవిడ నీళ్ళు తెచ్చింది, రైలూ వచ్చింది. పెనుకొండలో ఆమె దిగి, బుట్ట తీసుకుని, కిటికీ దగ్గరకొచ్చి "పోయొస్తా బావా" అని వెళ్ళింది. మరుసటి రోజు పొద్దున బెంగళూరు రైల్లో ఉండగా ఫోటో వచ్చింది. నూట ముప్పై ఐదు. పక్కన నాయన వేలు. నేను చాలాసేపు చూసి, "సరేనమ్మా" అని పంపాను.